సినిమా, టీవీ డైరెక్టర్‌గా, ప్రొడ్యూసర్‌గా కెరీర్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ రంగంలోకి రావాలనుకునేవాళ్లు, వచ్చి కొన్నేళ్లు అయినా ఎటు వెళ్లాలో తేలనివాళ్లు, పిల్లలు సినిమా అంటే భయపడే తల్లిదండ్రులు... అందరూ దాదాపు ఇవే సందేహాలు అడుగుతుంటారు. అందుకే అన్నీ ఒకచోట పెట్టాను. ప్రతి జవాబూ దానికదే పూర్తిగా ఉంటుంది కాబట్టి మీరు ఏ దశలో ఉన్నారో ఆ భాగం నుంచే చదువుకోవచ్చు. ప్రతిభ గురించి ఇందులో తక్కువే ఉంటుంది. ప్రతిభ ఉన్నవాళ్లు ఎక్కడ ఇరుక్కుపోతారన్నది ఎక్కువగా ఉంటుంది.

## మొదలుపెట్టే ముందు

డైరెక్టర్ పని ఏంటి, ప్రొడ్యూసర్ పని ఏంటి? ఇద్దరిలో ఎవరి మాట చెల్లుతుంది?

తెర మీద కనిపించేదానికీ వినిపించేదానికీ డైరెక్టర్ బాధ్యులు. సీన్ ఎలా తీయాలి, నటులు ఎంతవరకు చేయాలి, ఏ టేక్ ఉంచాలి అన్నవి వారి నిర్ణయాలు. ఆ సినిమా అసలు మొదలవ్వడానికీ, మధ్యలో ఆగకుండా పూర్తవ్వడానికీ, జనం ముందుకు రావడానికీ ప్రొడ్యూసర్ బాధ్యులు. డబ్బు, ఒప్పందాలు, షెడ్యూల్, విడుదల, లెక్కలు అన్నీ అటువైపే ఉంటాయి. ప్రొడ్యూసర్ అంటే డబ్బు పెట్టే మనిషి అనుకోవడం చాలా పెద్ద అపోహ. డబ్బు పెట్టేది ఫైనాన్షియర్. ప్రొడ్యూసర్ ఆ డబ్బును సినిమాగా మార్చే మనిషి. ఆస్కార్‌లో ఉత్తమ చిత్రం అవార్డు అందుకునేది ప్రొడ్యూసర్లే.

మాట ఎవరిది చెల్లుతుందన్నది మాధ్యమాన్ని బట్టి మారుతుంది. సినిమా సెట్‌లో సాధారణంగా డైరెక్టర్‌ది. టీవీలో ఎక్కువసార్లు ప్రొడ్యూసర్‌ది, ఆపైన ఛానల్‌ది.

ఫిల్మ్ స్కూల్‌లో చదవకపోతే అవకాశం రాదా?

వస్తుంది. కె. విశ్వనాథ్ వాహినీ స్టూడియోలో సౌండ్ రికార్డిస్ట్‌గా మొదలుపెట్టారు. కె.వి. రెడ్డి కెమెరా వైపు రాకముందు క్యాషియర్‌గా, ప్రొడక్షన్ మేనేజర్‌గా పనిచేశారు. సత్యజిత్ రాయ్ ప్రకటనల సంస్థలో బొమ్మలు వేసేవారు. మరోవైపు అదూర్ గోపాలకృష్ణన్ పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో చదివి వచ్చారు. రెండు దారులూ నడిచాయి.

స్కూల్ ఇచ్చే అసలు లాభం సర్టిఫికెట్ కాదు. మూడేళ్లపాటు తప్పులు చేసినా ఎవరూ నష్టపోని చోటు దొరుకుతుంది, తర్వాత ఇరవై ఏళ్లు కలిసి పనిచేసే కెమెరామన్, ఎడిటర్, సౌండ్ మనిషి అక్కడే పరిచయమవుతారు. ఫీజు కోసం ఇల్లు తాకట్టు పెట్టాల్సి వస్తే మాత్రం నేను వద్దనే అంటాను. అప్పుతో బయటికొచ్చిన మనిషి తొలి అయిదేళ్లు దొరికిన పనల్లా ఒప్పుకోవాల్సి వస్తుంది. డైరెక్టర్‌కి ఎంచుకునే స్వేచ్ఛ ఎక్కువ అవసరమయ్యేది కూడా సరిగ్గా ఆ అయిదేళ్లలోనే.

నాకు కథ రాయడం రాదు. డైరెక్టర్ కాలేనా?

కావచ్చు. కానీ కథ చదవడం రావాలి. స్క్రిప్ట్ చేతికొస్తే ఈ సీన్ ఎందుకుంది, ఇది తీసేస్తే ఏమవుతుంది, ఇందులో ఎవరికి ఏం కావాలి అని చెప్పగలగాలి. ఇది సాధనతో వస్తుంది. ఇష్టమైన సినిమాను శబ్దం ఆపేసి ఒకసారి, బొమ్మ చూడకుండా మాటలు మాత్రమే వింటూ ఇంకోసారి నడిపించండి. ఏ సమాచారం దేని ద్వారా వస్తోందో స్పష్టంగా తెలుస్తుంది.

ముప్పై అయిదు దాటాను. ఇప్పుడు మొదలుపెడితే లేటా?

రాయ్ మొదటి సినిమా విడుదలయ్యేనాటికి ఆయనకు 34 ఏళ్లు. శ్యామ్ బెనెగల్ మొదటి ఫీచర్ 1974లో వచ్చినప్పుడు ఆయనకు 39. కానీ ఇద్దరూ అప్పటిదాకా ఖాళీగా లేరు. ఒకరు ప్రకటనల్లో, ఇంకొకరు ప్రకటనల్లోనూ డాక్యుమెంటరీల్లోనూ బొమ్మతో పని చేస్తూనే ఉన్నారు. వయసుకన్నా ఇంటి ఖర్చుల లెక్కే ముఖ్యం. రెండేళ్లు ఆదాయం లేకపోయినా ఇల్లు నడుస్తుందా అన్న ప్రశ్నకు ఇంట్లోవాళ్లతో కూర్చుని జవాబు వెతికాకే ఉద్యోగం మానండి.

మా అమ్మాయి డైరెక్టర్ అవుతానంటోంది. ఆడవాళ్లని ఈ రంగం నిలబడనిస్తుందా?

నిలబడినవాళ్లు మొదటి నుంచీ ఉన్నారు. భానుమతి 1953లోనే ఒకే సినిమాను తెలుగు, తమిళం, హిందీ మూడు భాషల్లో డైరెక్ట్ చేశారు. విజయనిర్మల 44 సినిమాలు తీసి గిన్నిస్ రికార్డుల్లోకి ఎక్కారు. తెలుగు టీవీలో మంజులా నాయుడు డైరెక్టర్‌గా ఏళ్ల తరబడి సాగే సీరియళ్లను నడిపించారు. అయినా దారి సమానంగా లేదు. ఉత్తమ దర్శకత్వానికి ఆస్కార్ ఒక మహిళకు, క్యాథరిన్ బిగెలోకి, మొదటిసారి వచ్చింది 2010లో.

భయపడి ఆపకండి, జాగ్రత్తలు అడగండి. భారత్‌లో 2013 చట్టం ప్రకారం పదిమంది, అంతకుమించి పనిచేసే ప్రతిచోటా లైంగిక వేధింపుల ఫిర్యాదులకు అంతర్గత కమిటీ ఉండాలి. షూటింగ్ యూనిట్ అందుకు మినహాయింపు కాదు. చేరే ముందు 'ఆ కమిటీలో ఎవరున్నారు' అని అడిగితే వచ్చే సమాధానం ఆ సంస్థ గురించి చాలా చెబుతుంది. రాత్రి షూటింగ్ అయ్యాక ఇంటికి ఎవరు చేరుస్తారన్నది కూడా ముందే అడగాలి.

## అసిస్టెంట్‌గా ఉన్న రోజులు

అసిస్టెంట్ డైరెక్టర్ అంటే క్లాప్ కొట్టడమేనా?

క్లాప్ అందులో ఒక పని. ఆ చిన్న పలక వల్లే ఎడిటింగ్ రూమ్‌లో బొమ్మ, శబ్దం కలుస్తాయి, ఏ సీన్ ఎన్నో టేకో తెలుస్తుంది. అసలు బరువు కంటిన్యూటీలో ఉంటుంది. సినిమాను వరుసగా తీయరు. తలుపు బయటి సీన్ ఈ రోజు, లోపలి సీన్ రెండు నెలల తర్వాత తీస్తారు. చొక్కా గుండీ, చేతిలోని సంచి, చెమట, గాయం మీద కట్టు అన్నీ సరిపోవాలి. ఆ లెక్క రాసుకునేది అసిస్టెంటే.

షెడ్యూల్ వేయడం, ఆర్టిస్టుల కాల్‌షీట్లు (వాళ్లు షూటింగ్‌కి ఇచ్చిన తేదీలు) చూసుకోవడం, వెనక నడిచే జనాన్ని కదిలించడం, రేపటికి ఏం కావాలో ప్రతి శాఖకూ ఈ రోజే చెప్పడం కో-డైరెక్టర్ చేతిలో ఉంటాయి. ఇవన్నీ విసుగు పనుల్లా కనిపిస్తాయి. కానీ మీ మొదటి సినిమాలో మిమ్మల్ని కాపాడేది ఇవే. షాట్ అందంగా పెట్టడం తెలిసి, దానికి ఎంత సమయం పడుతుందో తెలియని కొత్త డైరెక్టర్ మూడో రోజుకే షెడ్యూల్ వెనకబడతాడు. ఆ తర్వాత ప్రతి నిర్ణయం భయంతోనే తీసుకుంటాడు.

ఎన్నేళ్లు అసిస్టెంట్‌గా ఉండాలి?

అకిరా కురసావా 1936లో స్టూడియోలో చేరారు, 1943లో మొదటి సినిమా తీశారు. ఆ ఏడేళ్లలో ఆయన గురువు కాజిరో యమమోటో స్క్రిప్ట్ రాయించారు, ఎడిటింగ్ చేయించారు, డబ్బింగ్ చూపించారు. ఏడు అన్న అంకె ముఖ్యం కాదు, ఏడేళ్లూ ఒకే పని చేయకపోవడం ముఖ్యం. నా సలహా ఏమిటంటే, ఒక సినిమాకు కథ కూర్చున్న దగ్గర నుంచి విడుదల వరకు పూర్తిగా ఉండండి. ఒకటి తక్కువ బడ్జెట్‌ది చేయండి. వీలైతే ఒక సీరియల్ చేయండి. కొత్తగా నేర్చుకోవడం ఆగిపోయిందని అనిపించినప్పుడు, గురువుగారిని నొప్పించకుండా చెప్పి బయటికి రండి.

"నేర్చుకుంటున్నావు కదా" అంటూ జీతం ఇవ్వట్లేదు. ఏం చేయాలి?

నేర్చుకోవడం, పని చేయడం రెండూ ఒకటి కాదు. మీరు రాకపోతే షూటింగ్‌కి ఇబ్బంది అయ్యే పరిస్థితి ఉంటే అది ఉద్యోగమే, దానికి డబ్బు ఇవ్వాలి. చేరేటప్పుడే ఎంత, ఏ తేదీకి అన్నది కనీసం మెసేజ్‌లోనైనా రాయించుకోండి. గొడవ పడాల్సిన పనిలేదు, "సార్, మీరు చెప్పింది ఇదేనా అని ఒకసారి చూడండి" అని పంపితే చాలు. యూనియన్ సభ్యత్వం తీసుకునే అర్హత రాగానే తీసుకోండి. ఒంటరిగా అడిగే మాటకీ సంఘం అడిగే మాటకీ చాలా తేడా ఉంటుంది.

షార్ట్ ఫిల్మ్ తీస్తే ప్రొడ్యూసర్లు చూస్తారా?

చిన్నదైతే చూస్తారు. పది నిమిషాలు దాటితే సగంలో ఆపేస్తారు. ఖరీదైన కెమెరా, డ్రోన్ షాట్లు ఎవరినీ ఆకట్టుకోవు, అవి అద్దెకు దొరుకుతాయని వాళ్లకు తెలుసు. ఇద్దరు మనుషులు ఒక గదిలో మాట్లాడుకునే సీన్‌ను చూపు తిప్పుకోకుండా చూసేలా తీయగలిగితే అది లెక్కలోకి వస్తుంది. శబ్దం మీద మాత్రం పిసినారితనం వద్దు. బొమ్మ కాస్త మసగ్గా ఉన్నా సర్దుకుంటారు, మాట వినపడకపోతే వెంటనే ఆపేస్తారు.

## మొదటి అవకాశం దగ్గర

కథ చెబితే ఎత్తుకుపోతారేమోనని భయం. ఎలా కాపాడుకోవాలి?

ఆలోచనకు కాపీరైట్ ఉండదు. దాన్ని మీరు విడమరిచి రాసిన రూపానికే ఉంటుంది. భారత సుప్రీంకోర్టు 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో ఈ సంగతి తేల్చి చెప్పింది. కాబట్టి "అన్నదమ్ములు విడిపోయి కలుస్తారు" అన్న ఒక్క లైన్ మీద ఏ హక్కూ రాదు. సీన్లు, పాత్రలు, మాటలతో పూర్తి స్క్రిప్ట్ రాయండి. రచయితల సంఘంలో గానీ కాపీరైట్ ఆఫీసులో గానీ నమోదు చేయించండి. ఎవరికి, ఏ రోజు, ఏ వెర్షన్ పంపారో మెయిల్‌లో ఉండేలా చూసుకోండి.

అంతకుమించి భయపడితే పని జరగదు. కథ బీరువాలో దాచుకుని పదేళ్లు కూర్చున్నవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. ఆ కథలు ఎవరూ ఎత్తుకుపోలేదు, కానీ సినిమాలూ కాలేదు.

నేరేషన్ ఎలా ఇవ్వాలి? అంటే ప్రొడ్యూసర్‌కి కథ ఎలా చెప్పాలి?

ముందు ఐదు నిమిషాల్లో చెప్పండి. వినాలనిపిస్తే వాళ్లే పూర్తిగా చెప్పమంటారు. "ఇక్కడ అదిరిపోయే ఫైట్ ఉంటుంది సార్" అన్న మాట ఎవరికీ ఏమీ చెప్పదు, ఆ ఫైట్ తర్వాత ఎవరి పరిస్థితి ఎలా మారిందో చెప్పండి. బడ్జెట్ అడిగితే నోరు వెళ్లబెట్టకుండా ఉండేందుకు ఎన్ని రోజుల షూటింగ్, ఎన్ని లొకేషన్లు, ఎంతమంది ఆర్టిస్టులు అన్న మూడు అంకెలైనా సిద్ధంగా ఉంచుకోండి. కొత్తవాళ్లలో ఈ మూడూ చెప్పగలిగేవాళ్లు తక్కువ.

మొదటి సినిమా అగ్రిమెంట్‌లో ఏం చూసుకోవాలి?

అవకాశం వచ్చిన సంతోషంలో చదవకుండా సంతకం పెట్టేస్తారు. ఆ సంతోషం నాకు అర్థమవుతుంది, కానీ ఒక్కరోజు ఆగండి, లాయర్‌కి చూపించండి.

పారితోషికం ఏ దశలో ఎంత వస్తుందో ఉండాలి. 'సినిమా పూర్తయ్యాక' అన్న మాట ప్రమాదకరం, పూర్తవడమంటే ఫస్ట్ కాపీనా (అన్ని పనులూ అయిన మొదటి ప్రతి), సెన్సారా, విడుదలా అన్నది రాయించండి. కథ, మాటలు, దర్శకత్వం మూడూ మీవైతే మూడింటికీ విడివిడిగా డబ్బు, విడివిడిగా పేరు ఉండాలి. మిమ్మల్ని మధ్యలో తప్పిస్తే ఏమిస్తారు, పేరు ఉంటుందా అన్నది తప్పనిసరి. రీమేక్, డబ్బింగ్, సీక్వెల్ హక్కులు ఎవరివో తేల్చాలి. "తర్వాతి మూడు సినిమాలూ మా బ్యానర్‌లోనే" అన్న షరతు ఉంటే ఎన్నేళ్ల లోపు అన్న గడువు పెట్టించండి. లేకపోతే వాళ్లు తీయరు, మిమ్మల్ని బయట తీయనివ్వరు.

హక్కుల విలువ మొదట్లో కనపడదు. జార్జ్ లూకాస్ 1977 నాటి తన అంతరిక్ష సినిమాకు డైరెక్టర్ ఫీజు పెంచమని పట్టుబట్టకుండా సీక్వెల్ హక్కులు, బొమ్మలూ వస్తువుల అమ్మకపు హక్కులు తన దగ్గర ఉంచుకున్నారు. ఆ తర్వాత ఆయన సంస్థ నిలబడింది వాటి మీదే.

షూటింగ్ మొదటి రోజు తలచుకుంటేనే టెన్షన్. ఏం తీయాలి?

సులువైన సీన్ పెట్టుకోండి. తక్కువ ఆర్టిస్టులు, తక్కువ మాటలు, మధ్యాహ్నానికి అయిపోయేది. యూనిట్‌కి మీ వేగం తెలియాలి, మీకు వాళ్ల వేగం తెలియాలి. తెలియనిది కెమెరామన్‌ని నేరుగా అడగండి. అన్నీ తెలిసినట్టు నటించే డైరెక్టర్‌ని లైట్‌మెన్ పదినిమిషాల్లో పసిగడతారు.

మొదటి సినిమా ఆడలేదు. కెరీర్ అయిపోయినట్టేనా?

కాదు. ఆడకపోవడానికి కారణాలు చాలా ఉంటాయి, వాటిలో సగం మీ చేతిలో ఉండవు. ప్రొడ్యూసర్లు రెండో అవకాశం ఇచ్చేముందు వేరే ప్రశ్న అడుగుతారు: చెప్పిన రోజులకు, చెప్పిన డబ్బుకు పూర్తి చేశారా? పాత ప్రొడ్యూసర్‌కి ఫోన్ చేసి కనుక్కుంటారు. "సినిమా పోయింది గానీ మనిషి పనిమంతుడు" అన్న మాట వస్తే మళ్లీ తలుపు తెరుచుకుంటుంది. ఆలోగా ప్రకటనలు, టీవీ, సెకండ్ యూనిట్ (కొన్ని షాట్లు విడిగా తీసే రెండో బృందం), ఏది దొరికినా చేయండి. ఇంట్లో కూర్చోవడం వల్ల డబ్బుకన్నా ధైర్యం ఎక్కువ కరిగిపోతుంది.

## టీవీ, వెబ్ సిరీస్

టీవీకి వెళ్తే సినిమావాళ్లు చిన్నచూపు చూస్తారా?

కొంతమంది చూస్తారు. చరిత్ర మాత్రం వాళ్ల వైపు లేదు. సిడ్నీ లూమెట్ 1950ల్లో లైవ్ టీవీ నాటకాలు తీసి చేయి తిప్పుకున్నాకే 1957లో మొదటి సినిమా తీశారు, ఆ కథ కూడా అంతకుముందు టీవీ నాటకమే. స్టీవెన్ స్పీల్‌బర్గ్ టీవీ ఎపిసోడ్లు చేశారు. 1971లో టీవీ కోసం తీసిన ఆయన సినిమా ఎంత బాగుందంటే, నిడివి పెంచి బయటి దేశాల్లో థియేటర్లలో వేశారు. రాజమౌళి 2001లో మొదటి సినిమా తీయకముందు ఈటీవీ సీరియల్ డైరెక్ట్ చేశారు.

అటు నుంచి ఇటు వచ్చినవాళ్లూ తక్కువేం కాదు. పెద్ద పెద్ద సినిమాలు తీసిన రమేశ్ సిప్పీ 1986లో, రామానంద్ సాగర్ 1987లో, బి.ఆర్. చోప్రా 1988లో దూరదర్శన్‌లో సీరియళ్లు మొదలుపెట్టారు. ఆ ఆదివారాలు గుర్తున్నవాళ్లకు నేను వేరే చెప్పక్కర్లేదు. గుణ్ణం గంగరాజు సినిమా తీశాక తెలుగు టీవీకి ఇచ్చిన హాస్య సీరియల్‌ను జనం ఇప్పటికీ ఆన్‌లైన్‌లో వెతుక్కుని చూస్తున్నారు. హిచ్‌కాక్ అయితే 1955లో టీవీ సిరీస్ మొదలుపెట్టి, ఆ టీవీ యూనిట్ వేగాన్ని, పొదుపును వాడుకుని 1960లో తన అత్యంత ప్రసిద్ధమైన సినిమాల్లో ఒకటి తీశారు.

సీరియల్ డైరెక్షన్‌కీ సినిమా డైరెక్షన్‌కీ పనిలో తేడా ఏంటి?

వేగం. రోజువారీ సీరియల్‌లో అరగంట స్లాట్‌కి ఇరవై, ఇరవై రెండు నిమిషాల బొమ్మ కావాలి, యూనిట్ దాదాపు రోజుకొక ఎపిసోడ్ తీయాలి. సినిమాలో రోజుకి రెండు మూడు నిమిషాలు వస్తే మంచి రోజు. అమెరికాలో గంట నిడివి డ్రామా ఎపిసోడ్‌కి సుమారు ఎనిమిది రోజులు ఇస్తారు.

ఈ వేగంలో అందం తగ్గుతుంది, నిజమే. కానీ నటులతో త్వరగా పని రాబట్టడం, ఎడిటింగ్‌ని మనసులో పెట్టుకుని తీయడం, ఆర్టిస్ట్ రాకపోతే అప్పటికప్పుడు సీన్ మార్చడం వంటి నైపుణ్యాలు ఇంకెక్కడా ఇంత త్వరగా రావు. జాగ్రత్త పడాల్సింది అలవాటు విషయంలోనే. ప్రతి స్పందనకూ మూడు క్లోజప్‌లు వేసే పద్ధతి చేతికి పట్టేస్తే సినిమాలో వదలదు.

షోరన్నర్ అంటే ఎవరు? డైరెక్టర్ కాదా?

సిరీస్ మొత్తానికి కథ, పాత్రలు, తీరు అన్నీ ఒకేలా ఉండేలా చూసే మనిషి. ఎక్కువసార్లు ప్రధాన రచయితే ఆ స్థానంలో ఉంటారు. ఎపిసోడ్ డైరెక్టర్లు వస్తారు, వెళ్తారు. మొదటి ఎపిసోడ్ డైరెక్టర్‌కి ప్రత్యేక స్థానం ఉంటుంది, ఎందుకంటే నటుల ఎంపిక, రంగులు, కెమెరా కదలికల తీరు అక్కడే ఖాయమవుతాయి. మీరు ఏడో ఎపిసోడ్‌కి వెళ్తే ఆ తీరును గౌరవించాలి. మీ ముద్ర వేయాలనుకుంటే నటన దగ్గర వేయండి.

రేటింగ్ తగ్గగానే కథ మార్చమంటున్నారు. ఒప్పుకోవాలా?

వారం వారం అంకెలు వచ్చినప్పుడల్లా ఈ ఒత్తిడి ఉంటుంది. ఛానల్ అడిగేది సాధారణంగా ఫలితం: "ఈ ట్రాక్ పట్టడం లేదు." దాన్ని ఎలా సరిచేయాలన్నది మీరు చెప్పొచ్చు, చెప్పాలి కూడా. కథ ఏ దిక్కుకు వెళ్లకూడదో మొదట్లోనే రచయితతో కలిసి ఒక పేజీ రాసి ఛానల్‌తో ఒప్పించుకోండి. చనిపోయిన పాత్రను తిరిగి తెచ్చేముందు ఆ పేజీ చూపించి మాట్లాడటానికి ఆధారం ఉంటుంది. అయినా వినకపోతే తీయడమా, తప్పుకోవడమా అన్నది మీ ఇష్టం. ఒప్పుకుని పని పాడుచేయడం మాత్రం నటులకు అన్యాయం.

వెబ్ సిరీస్‌కి, సీరియల్‌కి సెన్సార్ ఉందా?

భారత్‌లో థియేటర్ సినిమాకు సెన్సార్ బోర్డు సర్టిఫికెట్ తప్పనిసరి. టీవీ సీరియల్‌కి ముందస్తు సర్టిఫికెట్ అక్కర్లేదు గానీ 1995 కేబుల్ టీవీ చట్టం కింది ప్రోగ్రామ్ కోడ్ వర్తిస్తుంది. ఓటీటీ సిరీస్‌కి 2021 ఐటీ నిబంధనల ప్రకారం వేదికే వయసు వర్గీకరణ ఇవ్వాలి: యు, యు/ఎ 7+, 13+, 16+, ఎ. పొగతాగే దృశ్యాలకు హెచ్చరికలు 2023 సెప్టెంబర్ నుంచి ఓటీటీకీ తప్పనిసరి అయ్యాయి. జంతువులతో షూటింగ్ ఉంటే జంతు సంక్షేమ బోర్డు అనుమతి ముందే తీసుకోవాలి, తీశాక తిరగడం మొదలుపెడితే విడుదల తేదీ జరిగిపోతుంది.

## ప్రొడ్యూసర్‌గా మారేటప్పుడు

డైరెక్టర్‌గా మంచి పేరుంది. సొంత బ్యానర్ పెట్టాలా?

ఎందుకు పెడుతున్నారో ముందు తేల్చుకోండి. నచ్చిన కథకు ఎవరూ ముందుకు రాకపోవడం, హక్కులు చేతిలో ఉంచుకోవాలనుకోవడం, కొత్తవాళ్లకు అవకాశం ఇవ్వాలనిపించడం మంచి కారణాలు. "లాభం అంతా వాళ్లకే పోతోంది" అన్నది మాత్రం సరైన కారణం కాదు, ఎందుకంటే నష్టం కూడా అంతా వాళ్లకే పోతోంది.

ఎల్.వి. ప్రసాద్ నటుడిగా, అసిస్టెంట్‌గా, డైరెక్టర్‌గా పనిచేసి, ఆ తర్వాత 1956లో సొంత నిర్మాణ సంస్థ పెట్టారు, 1970ల్లో ల్యాబ్ కట్టారు. అన్నీ ఒకేసారి మొదలుపెట్టలేదు. మీరు కూడా మొదటి నిర్మాణం ఇంకొకరి దర్శకత్వంలో చేయడం మంచిది. రెండు కుర్చీల్లో ఒకేసారి కూర్చోవడంకన్నా ప్రొడ్యూసర్ కుర్చీ ఎలా ఉంటుందో ముందు విడిగా తెలుస్తుంది. పెద్ద ఆఫీసు, నెలజీతాల పటాలం వద్దు. స్క్రిప్ట్‌లు కొనడానికి, మంచి అకౌంటెంట్‌కి, లాయర్‌కి ఖర్చుపెట్టండి.

సినిమాకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది?

ఫైనాన్షియర్ల అప్పు, భాగస్వాముల పెట్టుబడి, పంపిణీదారుల అడ్వాన్సు, శాటిలైట్ (టీవీ), డిజిటల్ (ఓటీటీ) హక్కులు ముందే అమ్మడం. ఫస్ట్ కాపీ పద్ధతిలో అయితే ఒక పెద్ద సంస్థ నిర్ణీత మొత్తం ఇస్తుంది, మీరు ఆ డబ్బులోనే సినిమా తయారుచేసి అప్పగించాలి. మిగిలితే మీది, మించితే కూడా మీదే.

అరుదైన దారులూ ఉన్నాయి. బెనెగల్ 1976 సినిమాకు గుజరాత్‌లో ఐదు లక్షల మంది పాల రైతులు తలా రెండు రూపాయలు ఇచ్చారు, విడుదలయ్యాక వాళ్లే బండ్లు కట్టుకొచ్చి చూశారు. రాయ్ మొదటి సినిమా డబ్బుల్లేక నెలల తరబడి ఆగిపోతే చివరికి పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం ఆదుకుంది. ఆ మధ్యలో ఆయన బీమా పాలసీ, భార్య నగలు కుదువకు వెళ్లాయి. ఈ కథ చెప్పి చాలామంది తమ ఇల్లు అమ్ముతుంటారు. దయచేసి అలా చేయకండి. మీరు, మీ కుటుంబం బతకడానికి అవసరమైన ఆస్తిని సినిమాలో పెట్టొద్దని నేను గట్టిగా చెబుతాను.

వడ్డీని బడ్జెట్‌లో ఒక పద్దుగా రాయండి. విడుదల ఆరు నెలలు ఆలస్యమైతే ఎంత పెరుగుతుందో కూడా పక్కనే రాయండి. నిర్మాతలను ముంచేది చాలాసార్లు షూటింగ్ ఖర్చు కాదు, ఆ ఆలస్యం.

లైన్ ప్రొడ్యూసర్, ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్, కో-ప్రొడ్యూసర్... ఇంతమంది ఎందుకు?

లైన్ ప్రొడ్యూసర్ రోజువారీ ఖర్చు, షెడ్యూల్ నడిపిస్తారు, షూటింగ్‌లో ఎక్కువ పనిచేసే ప్రొడ్యూసర్ ఆయనే. ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్ అంటే హాలీవుడ్ సినిమాలో సాధారణంగా డబ్బో హక్కులో తెచ్చినవారు. అక్కడి టీవీలో షోరన్నర్‌కి ఆ పేరే వేస్తారు. మన దగ్గర చాలాసార్లు నిర్మాత తరఫున పని చూసే జీతగాడైన ప్రతినిధిని అలా పిలుస్తారు. కో-ప్రొడ్యూసర్ పేరు ఒక్కోసారి గౌరవానికే ఇస్తారు.

సినిమా హక్కులు డైరెక్టర్‌వా, ప్రొడ్యూసర్‌వా?

భారత కాపీరైట్ చట్టం 1957 ప్రకారం సినిమాకు 'కర్త' ప్రొడ్యూసరే. విడుదలైన తర్వాతి సంవత్సరం నుంచి 60 ఏళ్లు ఆ హక్కు ఉంటుంది. 2012 సవరణ రచయితలకు, సంగీత దర్శకులకు రాయల్టీ విషయంలో రక్షణ ఇచ్చింది గానీ దర్శకత్వానికి అలాంటిదేమీ ఇవ్వలేదు. ఐరోపా యూనియన్ దేశాల్లో మాత్రం ప్రధాన డైరెక్టర్‌ని సినిమా కర్తల్లో ఒకరిగా గుర్తిస్తారు. ఇది మన దగ్గర మారాలని నా బలమైన అభిప్రాయం. మారేదాకా, లాభాల్లో వాటా కావాలనుకునే డైరెక్టర్ దాన్ని అగ్రిమెంట్‌లో రాయించుకోవడమే మార్గం.

ఎడిటింగ్‌లో చివరి మాట ఎవరిది?

ఒప్పందంలో ఏముంటే అదే. అమెరికాలో డైరెక్టర్ల గిల్డ్ ఒప్పందం వల్ల ఫీచర్ సినిమా డైరెక్టర్‌కి తన కూర్పు చూపించడానికి సాధారణంగా పది వారాల గడువు దొరుకుతుంది. తర్వాత స్టూడియో మార్చొచ్చు. ఫైనల్ కట్, అంటే చివరి కూర్పును తేల్చే హక్కు, చాలా కొద్దిమందికే దక్కుతుంది. మన అగ్రిమెంట్లలో కనీసం "డైరెక్టర్ మొదటి కూర్పు పూర్తయ్యేదాకా వేరెవరూ మార్చరాదు" అన్న వాక్యమైనా పెట్టించండి.

మీరే డైరెక్టర్, మీరే ప్రొడ్యూసర్ అయితే కాదనేవాళ్లు ఉండరు. అది వరంలా కనిపిస్తుంది గానీ సినిమా పొడవు పెరిగేది ఎక్కువగా అక్కడే. మీ మొహం చూసి పొగడని ఇద్దరు ముగ్గురిని కూర్చోబెట్టి చూపించండి, ఎక్కడ కదిలారో, ఎక్కడ ఫోన్ తీశారో గమనించండి.

## విడుదలయ్యాక

సినిమా మొత్తం మార్చేశారు. నా పేరు తీసేయమనొచ్చా?

ఒప్పందంలో ఆ హక్కు ఉంటే అనొచ్చు. హాలీవుడ్‌లో ఇలాంటి సందర్భాల కోసం 'అలన్ స్మిథీ' అన్న కల్పిత పేరు ఉండేది. 1969లో విడుదలైన ఒక సినిమాతో మొదలై 2000 వరకు గిల్డ్ అనుమతితో వాడారు. పేరు తీయించే ముందు పారితోషికం బాకీ ఏమైనా ఉందేమో చూసుకోండి, బయట మాట్లాడకూడదన్న షరతు ఉందేమో కూడా చూసుకోండి.

తీసిన సినిమాను ఎలా భద్రపరచుకోవాలి?

విడుదల హడావిడిలో అందరూ మరిచిపోయే పని ఇది. మన మొదటి హిందీ టాకీ, 1931 నాటిది, ఒక్క ప్రింట్ కూడా ఇప్పుడు లేదు. డిజిటల్ వచ్చాక పోదులే అనుకుంటే పొరపాటు. హార్డ్ డిస్క్ బీరువాలో పెట్టి ఉంచినా కొన్నేళ్లకు చెడిపోవచ్చు.

చివరి మాస్టర్‌తో పాటు కెమెరా ఒరిజినల్ ఫైళ్లు, మాటలు, సంగీతం, ఎఫెక్ట్స్ విడివిడిగా ఉన్న ట్రాకులు, సబ్‌టైటిళ్లు, పోస్టర్ల అసలు ఫైళ్లు ఉంచండి. మాటలు లేని ట్రాక్ లేకపోతే రేపు ఇంకో భాషలో డబ్బింగ్ హక్కులు అమ్మలేరు. కనీసం రెండు కాపీలు, రెండు వేర్వేరు ఊళ్లలో పెట్టండి, వీలైతే ఒకటి ఎల్‌టీఓ టేపు (డేటాను ఎక్కువకాలం దాచే మాగ్నెటిక్ టేపు) మీద ఉంచండి. రెండేళ్లకోసారి తెరిచి ఆడుతున్నాయో లేదో చూడండి. అగ్రిమెంట్లు, సెన్సార్ సర్టిఫికెట్, పాటల హక్కుల కాగితాలు స్కాన్ చేసి అదే ఫోల్డర్‌లో పెట్టండి. పదిహేనేళ్ల తర్వాత ఎవరైనా కొనడానికి వస్తే మొదట అడిగేది ఆ కాగితాలే.